కారు సైలెన్సర్ మార్చాలా, వద్దా? ఇంటి దగ్గరే పరీక్షించి తేల్చుకునే పద్ధతి

"సైలెన్సర్ మారిస్తే బండి పికప్ పెరుగుతుందా?" కార్ల గురించి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగేవారు రెండు రకాలు. కారు బాగానే నడుస్తున్నా ఇంకాస్త జోరు కావాలని, పొగకు అడ్డు తక్కువగా ఉండే 'ఫ్రీ ఫ్లో' సైలెన్సర్ వేయించుకోవాలనుకునేవారు ఒకరు. ఏడెనిమిదేళ్లు వాడిన కారు ఎత్తు ఎక్కలేకపోతుంటే, మెకానిక్ సైలెన్సర్ మీద అనుమానపడ్డాడని అడిగేవారు మరొకరు. మొదటివారికి నా జవాబు: మీకు తేడా తెలిసేంతగా పెరగదు. రెండోవారికి: పెరగవచ్చు, కానీ ముందు కొలవండి.

కొలవకపోతే ఏమవుతుందో మా బావగారి కారు విషయంలో కళ్లారా చూశాను. 1.2 లీటర్ల పెట్రోలు కారు. శ్రీశైలం ఘాట్‌లో రెండో గేరులో కూడా ఆయాసపడింది. ఒక వర్క్‌షాపులో ప్లగ్గులు మార్చారు, తర్వాత పెట్రోలు పంపు మార్చారు. రెండు బిల్లులు కట్టినా బండి తీరు మారలేదు. చివరికి వెనక సైలెన్సర్ విప్పి కోసి చూస్తే, మొదటి గదిలో గుప్పెడు బూడిదరంగు పెంకులు. సైలెన్సర్‌కు ముందు ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి తేనెపట్టు లాంటి గళ్ల దిమ్మ విరిగి, ఆ ముక్కలు పొగతో పాటు కొట్టుకొచ్చి గొట్టం చిల్లులకు అడ్డుపడ్డాయి. ఒక ముక్క చేతిలోకి తీసుకుంటే పూలకుండీ పెంకులా పెళుసుగా ఉంది, సన్నటి గళ్లు ఇంకా కనిపిస్తున్నాయి. ఒక ప్రెషర్ గేజు ఉండి ఉంటే ఈ సంగతి అరగంటలో తేలిపోయేది.

లోపల ఏముంటుంది

తెలుసుకోవాల్సింది కొంచెమే. కంపెనీ అమర్చే సైలెన్సర్లలో ఎక్కువవాటి లోపల రెండు మూడు గదులు, వాటి మధ్య అడ్డుపలకలు, చిల్లులు ఉన్న గొట్టాలు ఉంటాయి. పొగ ఒక గదిలోకి వచ్చి, వెనక్కి తిరిగి, మరో గదిలోకి వెళ్లి బయటపడుతుంది. ఆ మలుపుల్లో శబ్ద తరంగాలు ఒకదాన్నొకటి కొట్టుకుని చల్లబడతాయి. శబ్దం బాగా తగ్గుతుంది, పొగకు మాత్రం కొంత అడ్డు తగులుతుంది. రెండో రకంలో చిల్లుల గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా ఉంటుంది, దాని చుట్టూ గాజు ఊలు కూరి ఉంటుంది. ఇందులో పొగకు అడ్డు దాదాపు లేదు, కానీ శబ్దం ఎక్కువ. బజారులో ఫ్రీ ఫ్లో పేరుతో అమ్మేది సాధారణంగా ఇదే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 1.2 లీటర్ల ఇంజన్ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి 6000 ఆర్‌పీఎంలో (నిమిషానికి 6000 చుట్లు) తిరిగితే నిమిషానికి సుమారు 3000 లీటర్ల గాలి పీలుస్తుంది. ఊళ్లో 2000 ఆర్‌పీఎంలో నెమ్మదిగా వెళ్తుంటే అది 400 లీటర్ల చుట్టుపక్కలే. గాలి ఏడో వంతుకు తగ్గితే సైలెన్సర్‌లో పుట్టే అడ్డు కూడా ఏడో వంతే ఉంటుందనుకోకండి. ప్రవాహం సగమైతే అడ్డు పావు అవుతుంది. ఆ ప్రకారం ఊళ్లో నడిపేటప్పుడు సైలెన్సర్ మీ ఇంజన్‌ను ఆపేది, పూర్తి వేగంలో ఆపేదానిలో యాభయ్యో వంతు కూడా ఉండదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో, బెంజి సర్కిల్ దగ్గర మీకు కావలసిన పికప్ ఫ్రీ ఫ్లోలో దొరకనిది ఇందుకే.

పూర్తి వేగంలో కూడా, బాగున్న సైలెన్సర్ తీసేసి ఇంకా తెరిపి ఉన్నది పెడితే ఒకటి రెండు శాతం శక్తి కలిసిరావచ్చు. 80 హార్స్‌పవర్ కారులో అది ఒకటి, ఒకటిన్నర హార్స్‌పవర్. పూడుకుపోయిన సైలెన్సర్ కథ మాత్రం వేరు. అది సగం శక్తినైనా మింగేయగలదు.

కావలసినవి

- 0 నుంచి 10 పీఎస్‌ఐ వరకు చూపే చిన్న ప్రెషర్ గేజు, ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి కారు కంప్యూటర్‌కు చెప్పేది) రంధ్రంలో బిగిసే అడాప్టరు (చాలా కార్లలో ఆ మర 18 మి.మీ. ఉంటుంది). టైరు గాలి చూసే గేజు పనికిరాదు, అంత తక్కువ ఒత్తిడి అందులో తెలియదు.
- ఆక్సిజన్ సెన్సర్ విప్పే 22 మి.మీ. స్పానర్, మామూలు రింగు స్పానర్లు
- తుప్పు వదిలించే స్ప్రే
- జాకీ, రెండు గట్టి జాకీ స్టాండ్లు, చక్రాల వెనక పెట్టడానికి చెక్కదిమ్మలు
- రబ్బరు సుత్తి, టార్చి, సబ్బునీళ్లు, మందపాటి చేతి తొడుగులు
- కొత్త గ్యాస్కెట్లు (అతుకుల మధ్య లీకు కాకుండా పెట్టే బిళ్లలు), సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు. విప్పిన పాతవి మళ్లీ వాడవద్దు.

గేజు కొనడం ఇష్టం లేకపోతే ప్రత్యామ్నాయం 5వ మెట్టులో చెప్పాను.

ముందు జాగ్రత్త

ఇంజన్ ఆన్ చేసే ప్రతి పనీ ఆరుబయటే చేయండి. అపార్టుమెంటు సెల్లార్‌లో, షట్టరు దించిన షెడ్డులో వద్దే వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తల తిరిగేసరికే ఆలస్యమైపోవచ్చు. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. బండి నడిపి వచ్చిన వెంటనే గొట్టాలు ముట్టుకోవద్దు, కనీసం గంట ఆగండి.

చేయవలసిన పని

1. చల్లగా ఉన్నప్పుడు చూడండి, వినండి. పొద్దున్నే, ఇంజన్ ఇంకా స్టార్ట్ చేయకముందు, చివరి గొట్టంలోకి టార్చి వేసి చూడండి. నెలల తరబడి నిలిపి ఉంచిన కార్లలో కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి, ఎలుకలు చెత్త కూరుతాయి. తర్వాత రబ్బరు సుత్తితో సైలెన్సర్‌ను నాలుగు వైపులా మెల్లగా తట్టండి. బాగున్నది 'టప్' అని నిండుగా మోగుతుంది. లోపల గలగలమంటే అడ్డుపలక ఊడింది, లేదా కన్వర్టర్ ముక్కలు చేరాయి. వేలితో నొక్కితే రేకు లోపలికి పోతున్న చోటు తుప్పు తినేసిన చోటే.

2. నీటి రంధ్రం వెతకండి. చాలా సైలెన్సర్లకు అడుగున అగ్గిపుల్ల దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. దూరం వెళ్తే అది ఆవిరై పోతుంది. ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు వెళ్లి ఆపేస్తే సైలెన్సర్‌లోనే నిలిచిపోతుంది. ఆ నీరు కారిపోవడానికే కంపెనీ రంధ్రం పెట్టింది. మట్టి పట్టి ఉంటే సన్నని తీగతో తెరవండి. దాన్ని లీకు అనుకుని వెల్డింగ్ చేయించేవారు చాలామంది ఉన్నారు. అలా చేయిస్తే సైలెన్సర్ లోపలి నుంచి కుళ్లిపోతుంది.

3. లీకులు పట్టుకోండి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి, తోడుగా ఒకరిని ఉంచి, మందపాటి గుడ్డతో చివరి గొట్టాన్ని రెండు మూడు క్షణాలు మూయమనండి. అతుకుల దగ్గర 'బుస్' మని వినిపిస్తే, అక్కడ సబ్బునీళ్లు చల్లితే బుడగలు లేస్తే, లీకు అదే. గుడ్డ ఎక్కువసేపు ఉంచవద్దు. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకు ఉంటే సంగతి ఇంకా గట్టిది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వెళ్తుంది, ఇంజన్‌కు గాలి ఎక్కువైందని సెన్సర్ పొరబడుతుంది, కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోయిందని వచ్చే కార్లలో కొన్నింటి అసలు జబ్బు ఒక గ్యాస్కెట్టే.

4. ఒత్తిడి కొలవండి. ఈ మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇదే, తొందరపడవద్దు. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్‌కు స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పితే మర సులువుగా వదులుతుంది. ముందు దాని తీగ కనెక్టర్ ఊడదీయండి, లేకపోతే తీగ మెలిపడి తెగుతుంది. ఆ రంధ్రంలో గేజు బిగించి, గొట్టం వేడి భాగాలకు తగలకుండా పక్కకు తీసి ఇంజన్ స్టార్ట్ చేయండి. ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, 1.5 పీఎస్‌ఐ లోపు ఉండాలి. మెల్లగా 2500 ఆర్‌పీఎంకు తెచ్చి అక్కడే పట్టి ఉంచండి: 3 పీఎస్‌ఐ లోపు ఉంటే దారి తెరిచే ఉంది. అంతకు మించితే, లేదా పట్టి ఉంచినకొద్దీ ముల్లు పైకి పాకుతుంటే, ఎక్కడో పూడిక ఉంది. రెండు నిమిషాల్లో ముగించండి, గేజు వేడికి తట్టుకోదు. సెన్సర్ లేకుండా నడిపారు కాబట్టి చెక్ ఇంజన్ లైటు వెలగవచ్చు. సెన్సర్ తిరిగి పెట్టాక, కారు కంప్యూటర్ నమోదు చేసిన తప్పుల కోడ్‌లు చదివే ఓబీడీ రీడరుతో ఆ కోడ్ తుడిచేయండి.

5. గేజు లేకపోతే. పెట్రోలు కారుకు వ్యాక్యూమ్ గేజు సరిపోతుంది, చాలా మెకానిక్‌ల దగ్గర ఉంటుంది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌కు తగిలిస్తే సముద్రమట్టం దగ్గర ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపుతుంది. విజయవాడలో, కాకినాడలో ఇదే లెక్క. హైదరాబాద్ 500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ ఒకటిన్నర, రెండు అంగుళాలు తక్కువ చూపితే కంగారుపడవద్దు. చూడవలసింది అంకెను కాదు, ముల్లు తీరును. 2500 దగ్గర పట్టి ఉంచినప్పుడు ముల్లు నిలకడగా ఉంటే మంచిది. అరనిమిషంలో నెమ్మదిగా కిందికి జారుతుంటే పొగదారి పూడింది. డీజిల్ ఇంజన్లకు ఈ పరీక్ష వర్తించదు.

6. దోషి ఎవరో తేల్చండి. ఒత్తిడి ఎక్కువని తేలితే తప్పు సైలెన్సర్‌దే అనుకోకండి. కారు స్టాండ్ల మీద నిలిపి, వెనక సైలెన్సర్ కలిసే ఫ్లాంజి (రెండు గొట్టాలను కలిపే పలక) బోల్టులు రెండూ విప్పి, గొట్టాన్ని కాస్త పక్కకు జరిపి మళ్లీ కొలవండి. చప్పుడు బాగా వస్తుంది, ఇరుగుపొరుగుకు ముందే చెప్పండి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే దోషి వెనక సైలెన్సర్. పడకపోతే ముందున్న కన్వర్టర్, లేదా మధ్యలో సొట్టపడిన గొట్టం. స్పీడు బ్రేకరు తగిలి మధ్య గొట్టం నొక్కుకుపోవడం మన రోడ్ల మీద అరుదేమీ కాదు. సైలెన్సర్‌లో కన్వర్టర్ ముక్కలు దొరికితే రెండూ మార్చాలి. సైలెన్సర్ ఒక్కటే మారిస్తే కొత్తదీ పూడుతుంది. కన్వర్టర్ ఎందుకు విరిగిందో కూడా చూడండి: మిస్‌ఫైర్ (సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడం), ఇంజన్ ఆయిలు తాగడం సాధారణ కారణాలు.

7. కొత్తది ఎంచుకోండి. పాతదాన్ని దుకాణానికి తీసుకెళ్లండి. లోపలికి వచ్చే గొట్టం వ్యాసం, మొత్తం పొడవు, హ్యాంగర్ కొక్కాల స్థానం సరిపోవాలి. రెంటినీ తూకం వేయించండి. ఒకే కొలతలో ఉండి కొత్తది బాగా తేలికగా ఉంటే, రేకు పలచనైనా అయి ఉండాలి, లోపల పలకలైనా తక్కువై ఉండాలి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో మామూలు ఇనుప రేకు కంటే అల్యూమినియం పూతది, స్టెయిన్‌లెస్‌ది ఎక్కువ కాలం వస్తాయి. అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదని దుకాణదారు తేల్చేస్తే నమ్మకండి. సైలెన్సర్లకు ఎక్కువగా వాడే 409 రకం స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకుంటుంది.

8. బిగించండి. హ్యాంగర్లకు కాస్త సబ్బునీళ్లు రాస్తే సులువుగా ఎక్కుతాయి. ముందు అన్నీ వదులుగా తగిలించి, సైలెన్సర్ బంపరుకు, ఇరుసుకు తగలకుండా సర్ది, ఆ తర్వాతే బోల్టులు రెండు పక్కలా కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళ్తే ఫ్లాంజి వంకరగా కూర్చుంటుంది, గ్యాస్కెట్ వారంలో కాలిపోతుంది.

ఎక్కువమంది చేసే తప్పులు

అన్నింటికంటే పెద్దది లావు గొట్టం వేయించడం. 42 మి.మీ. ఉన్నచోట 50 మి.మీ. వేస్తే లోపలి వైశాల్యం నలభై శాతం పెరుగుతుంది, పొగ వేగం అందుకు తగ్గట్టు పడిపోతుంది. వేగంగా వెళ్లే పొగ తన వెనక కొంత వెలితిని వదులుతుంది, ఆ వెలితి సిలిండరులో మిగిలిన పొగను లాగుతుంది. వేగం పోతే ఆ లాగుడు తగ్గుతుంది, కింది ఆర్‌పీఎంలో బండి మందగిస్తుంది. దీన్ని చూసే 'ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్ (పొగకు ఎదురయ్యే ఒత్తిడి) ఉండాలి' అనే మాట పుట్టింది. ఇంజన్‌కు కావలసింది అడ్డు కాదు, పొగ వేగం. కాబట్టి సైలెన్సర్ మార్చినా గొట్టం వ్యాసం కంపెనీ ఇచ్చినదే ఉంచండి.

రెండోది మధ్యలోని చిన్న సైలెన్సర్ తీసేసి తిన్నని గొట్టం వేయించడం. నాలుగు సిలిండర్ల ఇంజన్ 2400 ఆర్‌పీఎంలో సెకనుకు 80 సార్లు పేలుతుంది, మూడు సిలిండర్లదైతే 60 సార్లు. సరిగ్గా ఆ రొదను అణచడానికే మధ్యది ఉంది. అది లేకపోతే హైవే మీద గంటసేపు కారులో ఒకటే గుమ్మని హోరు. వెనక సీట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు కూర్చునే కారులో ఇది చేయకండి.

మూడోది కన్వర్టర్ లోపలి తేనెపట్టు పగలగొట్టి ఖాళీ డొల్ల పెట్టడం. "పికప్ వస్తుంది సార్" అని చెప్పి చేస్తారు. పూడిన కన్వర్టర్ అయితే వస్తుంది కూడా, అందుకే జనం నమ్ముతారు. కానీ ఆ విషమంతా మన పిల్లలు పీల్చే గాలిలోకి వెళ్తుంది, వెనక సెన్సర్ పసిగట్టి చెక్ ఇంజన్ లైటు వెలిగిస్తుంది, కాలుష్య పరీక్షలో బండి తప్పుతుంది. బీఎస్-6 డీజిల్ కార్లలోని పొగమసి ఫిల్టరు తీయించడం కూడా ఇంతే. టర్బో ఉన్న ఇంజన్లకు తెరిపి సైలెన్సర్ వల్ల మామూలు ఇంజన్ల కంటే కాస్త ఎక్కువ లాభం ఉంటుందన్నది నిజమే, అయినా ఫిల్టరు జోలికి వెళ్లవద్దు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం శబ్ద, కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు 3 నెలలు ఆపుతారు.

వరదలో మునిగిన కారైతే ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగినట్టు మీ కారూ ఎప్పుడైనా మునిగి ఉంటే, ఇంజన్ ఆయిలు, ఎయిర్ ఫిల్టరుతో పాటు సైలెన్సర్‌నూ విప్పి తలకిందులు చేసి వంపండి. ఒండ్రు లోపలే ఎండితే సిమెంటులా పట్టేస్తుంది. గాజు ఊలు ఉన్న రకమైతే అది తడిసి ముద్దవుతుంది, మార్చడమే మేలు.

ఫలితం సరిచూసుకునేది ఇలా

చప్పుడు పెరిగితే బండి వేగంగా వెళ్తున్నట్టు మనసుకు అనిపిస్తుంది. అందుకే చెవిని నమ్మకుండా గడియారాన్ని నమ్మండి. మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి ఈ పరీక్ష చేయండి. 80 అనుమతి ఉన్న, రద్దీ లేని చదునైన రోడ్డు మీద, ఏసీ ఆపి, అంతే మంది మనుషులతో, మూడో గేరులో 40 నుంచి 80 కి.మీ. వేగానికి ఎంతసేపు పడుతుందో తెలిసేలా పక్కన కూర్చున్నవారు ఫోనులో స్పీడోమీటరును వీడియో తీయాలి. వెళ్లేటప్పుడు మూడుసార్లు, వచ్చేటప్పుడు మూడుసార్లు చేసి సగటు తీయండి, గాలివాటం తేడా పోతుంది. అర సెకను లోపు తేడాను లెక్కలోకి తీసుకోకండి. మొదటి పరీక్ష మధ్యాహ్నం ఎండలో, రెండోది తెల్లవారుజామున చేస్తే రెండోది బాగా కనిపిస్తుంది, ఆ ఘనత చల్లగాలిది.

మైలేజీ చూడాలంటే ఒకే బంకులో ట్యాంకు నింపి, మళ్లీ నింపేవరకు కిలోమీటర్లు లెక్కించండి. మూడు ట్యాంకుల సగటు లేకుండా ఏమీ తేల్చవద్దు. శబ్దానికి, ఫోను యాప్‌ను చివరి గొట్టం నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో, గొట్టం ఎత్తులోనే పట్టుకుని ముందూ తర్వాతా కొలవండి. యాప్ చూపే అంకె కచ్చితం కాకపోయినా ఒకే ఫోనుతో కొలిస్తే తేడా తెలుస్తుంది.

ఒత్తిడి గేజుతో 4వ మెట్టు మళ్లీ చేయడం మరవద్దు. మా బావగారి కారులో మార్చకముందు 2500 ఆర్‌పీఎం దగ్గర ఎంత ఉండేదో ఎవరూ కొలవలేదు. కన్వర్టర్, సైలెన్సర్ రెండూ మార్చాక ఒక పీఎస్‌ఐ కూడా రాలేదు. ఆ అంకెను ఆయన సర్వీసు పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకున్నారు, వచ్చే ఏడాది పోల్చి చూడటానికి.

500 కిలోమీటర్లు తిరిగాక బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి కిందికి వంగి, ఫ్లాంజి బోల్టులు మళ్లీ బిగించండి. వేడికి అవి కాస్త వదులవుతాయి. అతుకు దగ్గర నల్లటి మసి చార కనిపిస్తే గ్యాస్కెట్ సరిగా కూర్చోలేదని అర్థం, 3వ మెట్టు నుంచి మళ్లీ చూడండి.